కాగితం ఏనుగు, కొయ్య గుర్రం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఇంట్లో చేసుకునే జంతువుల బొమ్మల గురించి, కొని తెచ్చుకున్న జానపద బొమ్మలను కాపాడుకోవడం గురించి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమంది అడిగినవాటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. బూజు, పగుళ్లు, వంకర్లు, తెల్లబడిన వార్నిష్ అంటూ రకరకాలుగా రాశారు గానీ, చాలా ఉత్తరాల వెనక ఉన్న కారణం ఒకటే: లోపలి తడి ఆరకముందే పై పని మొదలుపెట్టడం. అందుకే ఆరబెట్టడం గురించి మొదటి జవాబులోనే వివరంగా రాశాం. మీ ప్రశ్న వేరేదైనా ముందు దాన్ని చదవండి.

ప్రశ్న: పాత వార్తాపత్రికలు, మైదా జిగురుతో అడుగు ఎత్తు ఏనుగును చేశాను. పైకి గట్టిగా ఆరింది, రంగులు కూడా వేశాను. వారం తిరక్కుండానే ముక్క వాసన మొదలైంది. పొట్ట కింద నల్లటి చుక్కలు లేచాయి. జిగురులో ఉప్పు వేయాల్సిందా?

జవాబు: ఉప్పు వేయకపోవడం కారణం కాదు. ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి, తేమ ఎక్కువగా ఉండే చోట మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. మీ ఏనుగుకు పై పొర ఆరిందే గానీ లోపలివి ఆరలేదు. నాలుగైదు పొరలు ఒకేసారి అంటిస్తే పైది ముందు గట్టిపడుతుంది. దాని మీద రంగు కూడా పడ్డాక లోపలి తడికి బయటికి దారి ఉండదు. పిండి, తడి, గాలాడని చీకటి మూడూ కలిస్తే బూజు పట్టడానికి రెండు మూడు రోజులు చాలు.

జిగురు ఇలా కాచుకోండి. అరకప్పు మైదాను అరకప్పు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలపండి. విడిగా రెండు కప్పుల నీళ్లు మరిగించి, అందులో ఈ పిండినీళ్లను సన్నటి ధారగా పోస్తూ గరిటెతో తిప్పుతూనే ఉండండి. రెండు మూడు నిమిషాల్లో తెల్లదనం తగ్గి, కాస్త మెరుస్తూ చిక్కబడుతుంది. అప్పుడు దించేయాలి. పూర్తిగా చల్లారాక రెండు టీస్పూన్ల తెల్ల జిగురు (కొయ్య అతకడానికి వాడే పీవీఏ జిగురు) కలిపితే పట్టు పెరుగుతుంది. నాలుగైదు చుక్కల లవంగ నూనె బూజును కొంతవరకు ఆపుతుంది. ఫ్రిజ్‌లో మూడు రోజులు నిలవ ఉంటుంది, పులిసిన వాసన వస్తే పారబోయండి. జిగురులో మైలుతుత్తం కలిపే పాత పద్ధతి ఒకటుంది. పురుగు పట్టదన్నది నిజమే గానీ అది విషం. ఇంట్లో, అందులోనూ పిల్లలు చేతులు పెట్టే పనిలో దాని జోలికి పోవద్దు.

ఒక విడతకు రెండు పొరలే వేయండి. కాగితం ముక్కను జిగురులో ముంచాక రెండు వేళ్ల మధ్య నుంచి లాగి అదనపు జిగురును పిండేయాలి. బొమ్మ మీద నుంచి కారుతోందంటే ఎక్కువైనట్టే. రెండు పొరలయ్యాక కనీసం ఒక రోజు ఫ్యాను గాలికి ఉంచండి. బొమ్మను బల్ల మీద కాకుండా జల్లెడ మీద నిలబెడితే అడుగుకూ గాలి తగులుతుంది. ఆరేడు గంటలకొకసారి పక్కకు తిప్పండి. మండుటెండలో పెట్టాలన్న ఆశ సహజం, కానీ ఎండ తగిలిన వైపు కాగితం ముందు ముడుచుకుని బొమ్మ అటు వంగిపోతుంది. మొదటి పొర వార్తాపత్రిక, రెండోది గోధుమరంగు చుట్టుడు కాగితం, మళ్లీ వార్తాపత్రిక అలా మార్చుకుంటూ వెళ్తే ఎక్కడ పొర తప్పిందో కంటికే తెలుస్తుంది. అడుగు ఎత్తు బొమ్మకు మొత్తం ఆరు పొరలు సరిపోతాయి.

ఆరిందో లేదో చూడటానికి చెంపకు ఆనించండి. చల్లగా తగిలితే లోపలి నీరు ఇంకా ఆవిరవుతోందని అర్థం. ఇంకా కచ్చితంగా కావాలంటే వంటింటి త్రాసులో తూచి రాసుకోండి. రోజూ కాస్త తగ్గుతుంటే ఆరుతోంది. రెండు రోజులు వరుసగా ఒకే బరువు చూపిస్తే ఆరిపోయినట్టే, అప్పుడే తెల్ల పూత (సుద్దపొడి, తెల్ల జిగురు, కాసిని నీళ్లు కలిపినది) పట్టుకోండి. పొట్ట కింద రూపాయి బిళ్లంత రంధ్రం వదిలి, దాన్ని చిట్టచివర మూస్తే లోపలి తడి వెళ్లడానికి దారి ఉంటుంది.

ఇప్పుడున్న ఏనుగు విషయానికొస్తే, ముక్కుకు గుడ్డ కట్టుకుని పొట్ట దగ్గర బ్లేడుతో కోసి చూడండి. పైన ఒకటి రెండు పొరల్లోనే నలుపుంటే వాటిని ఒలిచేసి, వారం ఆరబెట్టి, కొత్త పొరలు వేయవచ్చు. లోపలిదాకా నల్లబడి ఉంటే పారేయాల్సిందే. బూజు మీద రంగు వేస్తే కొన్నాళ్లకు ఆ రంగులోంచే మళ్లీ పైకి వస్తుంది.

ప్రశ్న: జిరాఫీ మెడ నిలవడం లేదు. గుర్రం చేస్తే మూడు కాళ్ల మీదే నిలుస్తోంది. అస్థిపంజరం ఎలా కట్టుకోవాలి?

జవాబు: మెడ వాలడానికి కారణం తీగ మెడ దగ్గరే మొదలవడం. తల, మెడ, వెన్ను ఒకే తీగలో రావాలి, మెడకు జోడీగా వచ్చే రెండో తీగ ముందు కాళ్లలో ఒకదానిలోకి దిగాలి. ముప్పై సెంటీమీటర్ల ఎత్తు బొమ్మకు 2 మిల్లీమీటర్ల మందం ఇనుప తీగ చాలు. తల దగ్గర చిన్న చుట్టు చుట్టి, మెడ మీదుగా వెన్నులోకి తెచ్చి, తోక దాకా లాగండి. దానికి మరో తీగను జోడీగా పెట్టి, రెండింటినీ మెడ పొడవునా పురిపెట్టి, ఆ రెండోదాన్ని ముందు కాలిలోకి దించండి. మిగతా కాళ్లకు విడి తీగలు తీసుకుని వెన్ను తీగ చుట్టూ కనీసం మూడు చుట్లు తిప్పి బిగించాలి. ఒక్క చుట్టు వేస్తే కాలు తిరుగుతుంది. ప్రతి కాలి చివరా తీగను గుండ్రంగా మడిస్తే అదే పాదానికి ఆధారం, పైగా తీగ మొన కాగితంలోంచి పొడుచుకు రాదు.

తర్వాత వార్తాపత్రికను ఉండచేసి ఒంటికి చుట్టి మాస్కింగ్ టేపుతో గట్టిగా బిగించండి. వేలితో నొక్కితే లోపలికి పోకూడదు. ఇక్కడ మెత్తగా వదిలేస్తే జిగురు తడికి ఇంకా కుంగి, ఆరాక గుంటలు పడతాయి. చాలామంది ఈ దశను తొందరగా దాటేస్తారు. నిజానికి బొమ్మ బలమంతా ఇక్కడే ఉంది, పై పొరలు తొడుగు మాత్రమే.

నాలుగు కాళ్లూ సమంగా తేవడానికి ఒక చిన్న ఉపాయం ఉంది. అన్ని పొరలూ ఆరాక బొమ్మను అద్దం పలక లాంటి సమతల ఉపరితలం మీద నిలబెట్టండి. ఊగే కాలి కింద అట్టముక్కలు పెట్టి బొమ్మను నిటారుగా చేయండి. ఒక పెన్సిల్‌ను చెక్కముక్క మీద పడుకోబెట్టి, ఆ చెక్కను పలక మీద జరుపుతూ నాలుగు పాదాల చుట్టూ ఒకే ఎత్తులో గీత గీయండి. గీత దాకా గరుకు కాగితంతో అరగదీస్తే నాలుగూ ఒక మట్టానికి వస్తాయి. ఒక కాలు మరీ పొట్టిగా ఉండి గీత అందకపోతే దానికి కాగితం గుజ్జు (పాళ్లు కింద తాబేలు జవాబులో ఉన్నాయి) అద్ది పెంచండి, మిగతా మూడింటినీ దాని కోసం అరగదీస్తూ పోవద్దు.

తల పెద్దదైతే బొమ్మ ముందుకు తూలుతుంది. పొట్ట వెనక భాగంలో గులకరాళ్లను టేపుతో చుట్టి పెట్టండి. అయితే కాగితం పొరలు వేయడానికి ముందే పెట్టాలి. పక్షులకు రెండు కాళ్లే కాబట్టి తోకను నేలకు తాకించి మూడో కాలు చేయడం అన్నిటికన్నా తేలిక.

ప్రశ్న: కాగితం అంచులన్నీ గీతల్లా కనిపిస్తున్నాయి. రంగు వేశాక ఇంకా బాగా తెలుస్తున్నాయి.

జవాబు: కత్తెరతో కత్తిరించి ఉంటారు. కత్తిరించిన అంచు మెట్టులా నిలుస్తుంది. చేత్తో చించిన అంచులో నార పలచబడి పక్క ముక్కలో కలిసిపోతుంది. వార్తాపత్రిక ఒక దిశలో తిన్నగా చిరుగుతుంది, అడ్డంగా చించితే వంకరపోతుంది. ఒకసారి రెండు వైపులా చించి చూసి తిన్నగా వచ్చే దిశ పట్టుకోండి. ఒంటికి 2 నుంచి 3 సెంటీమీటర్ల వెడల్పు ముక్కలు, చెవులకూ ముక్కుకూ గోరంత ముక్కలు. ఒక పొర అడ్డంగా, తర్వాతిది నిలువుగా వేయండి. చివరి పొరకు పలచటి టిష్యూ కాగితం వాడితే సగం బాధ తీరుతుంది. ఇప్పటికే చేసినదాన్ని 120 నంబరు గరుకు కాగితంతో రుద్ది, సుద్దపొడిలో తెల్ల జిగురు, కాసిని నీళ్లు కలిపి రెండు పూతలు వేసి, ఆరాక 220 నంబరుతో మళ్లీ రుద్దండి. రుద్దేటప్పుడు ముక్కుకు గుడ్డ తప్పనిసరి.

ప్రశ్న: కాగితం గుజ్జుతో తాబేలు చేస్తే ఆరేసరికి పెంకు మీద పగుళ్లు వచ్చాయి. గుజ్జు పాళ్లు చెప్పండి.

జవాబు: కాగితాన్ని చిన్న ముక్కలుగా చించి రాత్రంతా నానబెట్టి, అరగంట ఉడికించి, నీళ్లు పోస్తూ మిక్సీలో రుబ్బండి. గుడ్డలో వేసి పిండండి. నీళ్లు కారడం ఆగాలి గానీ పొడిపొడిగా కాకూడదు. అలా పిండిన గుజ్జు రెండు కప్పులకు తెల్ల జిగురు అరకప్పు, సుద్దపొడి అరకప్పు, పైన చెప్పిన మైదా జిగురు రెండు టేబుల్ స్పూన్లు వేసి ముద్దలా పిసకండి. ముద్దను మడిస్తే అంచులు చిట్లకూడదు. చిట్లితే జిగురు చాలలేదు. చేతికి అంటుకుపోతుంటే ఇంకా సుద్ద పడాలి.

పగుళ్లకు అసలు కారణం మందం. గుజ్జు ఆరేటప్పుడు ముడుచుకుంటుంది. లోపల గట్టి ఆకారం ఉండి అది ముడుచుకోకపోతే పై గుజ్జు చిట్లుతుంది. ఒకసారికి అర సెంటీమీటరు మించి వేయకండి. తాబేలు పెంకంతా గుజ్జుతో కట్టకుండా, నలిపిన కాగితం, టేపుతో ఉబ్బు తెచ్చి, పైన పలచగా గుజ్జు వేయండి. వచ్చిన పగుళ్లను పూడ్చడానికి గుజ్జును ఇంకాస్త పలచగా చేసి, పగులు లోపల ముందు తెల్ల జిగురు రాసి, అప్పుడు అదమండి. జిగురు రాయకపోతే పూడ్చిన ముక్క ఎండి ఊడిపోతుంది.

ప్రశ్న: బెలూను మీద కాగితం అంటించి పంది చేశాను. మర్నాటికి ఒకవైపు సొట్టపోయింది.

జవాబు: రాత్రి చల్లదనానికి లోపలి గాలి కుంచించుకుని బెలూను చిన్నదైంది, తడి కాగితం దానితోపాటు లోపలికి వెళ్లింది. పగలూ రాత్రీ ఒకే వెచ్చదనం ఉండే గదిలో ఆరబెట్టండి. బెలూనును పూర్తిగా ఊదకుండా ముప్పావు వంతు ఊదితే గుండ్రంగానూ ఉంటుంది, పగిలే భయమూ తగ్గుతుంది. నాలుగు పొరలు గట్టిపడేదాకా దాన్ని పగలగొట్టవద్దు.

ప్రశ్న: నేను చేసిన పిల్లిని అందరూ కుక్క అంటున్నారు. బొమ్మలు గీయడం నాకు రాదు. ఇలాంటివారు జంతువులు చేయకూడదా?

జవాబు: తప్పకుండా చేయాలి. జానపద బొమ్మకు శరీర నిర్మాణం తెలియనక్కర్లేదు, ఏ గుర్తు పట్టుకోవాలో తెలిస్తే చాలు. ప్రతి జంతువుకూ రెండు మూడు గుర్తులుంటాయి. పిల్లికి నిక్కబొడిచిన ముక్కోణపు చెవులు, చదునైన ముఖం, పొడవాటి తోక. కుక్కకు ముందుకొచ్చిన మూతి. మీ పిల్లికి మూతి పొడుగైపోయి ఉంటుంది, చాలామంది చేసే పిల్లులకు ఇదే ఇబ్బంది. ముఖాన్ని చదును చేసి చెవుల మధ్య ఎడం పెంచండి, వెంటనే మారిపోతుంది.

తీగ ముట్టుకోవడానికి ముందు నల్ల కాగితంలో జంతువు పక్క ఆకారాన్ని కత్తిరించి గోడకు అంటించండి. మూడు మీటర్ల దూరం నుంచి ఇంట్లోవాళ్లు పేరు చెప్పగలిగితే ఆ ఆకారం పనికొస్తుంది. కాళ్లూ కళ్లూ గీసి సరిచేయాలని చూడకండి, పక్క గీతలోనే జంతువు కనిపించాలి. ఆ తర్వాతే సరదా. గుర్తులను పెంచండి, మిగతావి తగ్గించండి. ఏనుగు చెవులు ఒంటంత చేయండి, కాళ్లు పొట్టిగా లావుగా చేయండి. లావు కాళ్లు ముద్దుగానూ ఉంటాయి, బొమ్మా నిలుస్తుంది. కళ్లు తలలో కాస్త కిందికి, ఎడంగా పెడితే పసితనం వస్తుంది. రెండు కళ్లలోనూ తెల్ల చుక్క ఒకే వైపు పడాలి. ఒకటి కుడికీ ఒకటి ఎడమకూ పడితే చూపు చెదురుతుంది.

ఏ జంతువో తెలియని జంతువైనా ఫరవాలేదు. మెక్సికో నగరంలో కాగితపు బొమ్మలు చేసిన పెద్రో లినారెస్ (1906–1992) జ్వరంలో తాను కలగన్నానని చెప్పిన వింత జీవాలకు రెక్కలు, కొమ్ములు, తోకలు కలగలిపి ఆకారమిచ్చారు. వాటిని ఆలెబ్రిహెలు అంటారు. తర్వాత ఒహాకా ప్రాంతపు చేతిపనివారు అలాంటి వింత జంతువులనే కోపాల్ కొయ్యలో చెక్కసాగారు. అయితే వాటిలోనూ ఏ రెక్క ఏ పక్షిది, ఏ తోక ఏ బల్లిది అన్నది స్పష్టంగా తెలుస్తుంది. కలపడం వేరు, కలగాపులగం వేరు. మూడు జంతువుల గుర్తులకు మించి ఒకే బొమ్మలో పెట్టకపోతే మంచిది.

ప్రశ్న: రంగులు మట్టికొట్టుకుపోయినట్టు వస్తున్నాయి. చుక్కలు పెడితే ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అవుతోంది.

జవాబు: మట్టిరంగుకు కారణం అడుగున తెలుపు లేకపోవడం. పసుపు, ఎరుపు రంగులు పలచగా కమ్ముతాయి. కింద వార్తాపత్రిక బూడిదరంగు ఉంటే అది పైకి తేలుతుంది. తెల్ల పూత రెండుసార్లు వేసి, పూర్తిగా ఆరాకే రంగు పట్టండి. రంగులు కూడా నాలుగు, వాటికి తోడు నలుపు తెలుపు, అంతకుమించి ఒక బొమ్మకు వద్దు. తడి రంగు మీద ఇంకో రంగు వేస్తే రెండూ కలిసి బురదవుతాయి. యాక్రిలిక్ (నీళ్లు కలిపి వాడే, ఆరాక నీటికి కరగని రంగు) అరగంటలో ఆరుతుంది, ఆ అరగంట ఆగండి.

ముందు ఒళ్లంతా ఒకే రంగు. తర్వాత జీను, పూలు, చారలు వంటి పెద్ద ఆకారాలు. ఆ తర్వాత గీతలు. చుక్కలు అన్నిటికన్నా చివర, కళ్లు చుక్కలకూ చివర. గీత వణకకుండా రావాలంటే రంగులో రెండు మూడు నీటిచుక్కలు కలిపి, సన్న బ్రష్‌ను నిలువుగా పట్టుకుని, చిటికెనవేలు బొమ్మకు ఆనించి లాగండి.

చుక్కలకు బ్రష్ పనికిరాదు. మేకు తల, పెన్సిల్ వెనక రబ్బరు, అల్లిక సూది, అగ్గిపుల్ల, ఇలా ఒక్కో సైజుకు ఒక్కో పనిముట్టు పెట్టుకోండి. ఒక్కసారి ముంచి వరుసగా పెడుతూ పోతే రంగు అయిపోతున్నకొద్దీ చుక్క తగ్గుతుంది. అన్నీ సమంగా కావాలంటే ప్రతి చుక్కకూ ముంచాలి. తోక చివరకు చిన్నవవుతూ పోవాలంటే అదే లోపాన్ని వాడుకుని, నాలుగు చుక్కలకొకసారి ముంచండి. పనిముట్టును నిలువుగా దించి నిలువుగానే ఎత్తాలి. ఎత్తినప్పుడు మొన లేస్తే రంగు చిక్కగా ఉంది, చుక్క పాకిపోతే పలచగా ఉంది. వెన్ను మీద మధ్య గీత నుంచి మొదలుపెట్టి రెండు వైపులకూ దిగితే రెండు పక్కలూ సరితూగుతాయి.

స్వీడన్‌లోని దలార్నా ప్రాంతపు ఎర్ర కొయ్యగుర్రాలను గమనించండి. 1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనతో వాటికి బయటి దేశాల్లో పేరొచ్చింది. వాటి జీను మీది పువ్వుల్లో ఒకే రేకు ఒక అంచున ముదురుగా, ఇంకో అంచున తెల్లగా ఉంటుంది. బ్రష్‌కు ఒక పక్క ఒక రంగు, ఇంకో పక్క ఇంకో రంగు అద్ది ఒక్క లాగుతో రేకు వేయడమే అందులోని కిటుకు. చదునైన బ్రష్‌తో పాత కాగితం మీద అలవాటు చేసుకుంటే మీకూ పట్టుబడుతుంది.

ప్రశ్న: వార్నిష్ వేశాక ముసురుపట్టినట్టు తెల్లటి పొర వచ్చింది. ఇంకో బొమ్మ మీద నల్ల పెన్ను గీతలు చెదిరిపోయాయి.

జవాబు: మొదటిది తేమ. కింది రంగులో గానీ గాలిలో గానీ తడి ఉండగా వార్నిష్ వేస్తే అది లోపలే చిక్కుకుని తెల్లబడుతుంది. కొన్ని రోజులు పొడి గదిలో ఉంచితే కొంతవరకు తగ్గవచ్చు. తగ్గకపోతే పై పూతను సన్న గరుకు కాగితంతో తేలిగ్గా రుద్ది, పొడి రోజు చూసి పలచగా మళ్లీ వేయాలి. రంగు వేశాక రెండు రోజులు ఆగి, వానలేని రోజున, రెండు పలచటి పూతలు వేయండి. ఒక్క మందపు పూత ఎప్పుడూ వద్దు. రెండోది పెన్ను తప్పు. నీటి సిరా పెన్నులు నీటి వార్నిష్‌కు కరుగుతాయి. ఏ పెన్నైనా వేరే కాగితం మీద గీసి, ఆరాక తడి బ్రష్‌తో రుద్ది చూశాకే బొమ్మకు వాడండి.

వార్నిష్ వేసిన బొమ్మలనైనా ఒకదానికొకటి ఆనించి పెట్టకండి. యాక్రిలిక్ పూత వేడికి మెత్తబడుతుంది. ఎండాకాలంలో రెండు బొమ్మలు అతుక్కుంటే విడదీసేటప్పుడు ఒకదాని రంగు ఇంకోదానికి వస్తుంది.

ప్రశ్న: ఇంట్లో ఏటికొప్పాక లక్క బొమ్మలు, కొండపల్లి ఏనుగు అంబారీ ఉన్నాయి. శానిటైజర్‌తో తుడిస్తే లక్క బొమ్మ మెరుపు పోయింది. కొండపల్లి బొమ్మను తడిగుడ్డతో తుడవవచ్చా?

జవాబు: రెండూ కొయ్య బొమ్మలే అయినా తయారీ వేరు, అందుకే జాగ్రత్తలూ వేరు. ఏటికొప్పాక బొమ్మను అంకుడు కొయ్యతో తరిణె మీద తిప్పుతూ చేస్తారు. తిరిగే కొయ్యకు రంగు లక్కను ఒత్తితే ఆ రాపిడి వేడికి కరిగి పట్టుకుంటుంది. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. శానిటైజర్, స్పిరిట్, సెంటు ఏది తగిలినా మెరుపు పోతుంది. వేడి కూడా పడదు, కాబట్టి పొయ్యి దగ్గరా టీవీ మీదా పెట్టవద్దు. పోయిన మెరుపు కొంత తిరిగి రావాలంటే చాలా కొద్దిగా తేనెమైనం మెత్తటి నూలుగుడ్డకు రాసి, ఒకే దిశలో రుద్దండి. రంగే లేచిపోయి ఉంటే ఇంట్లో బాగుచేయలేరు, తరిణె మీదే మళ్లీ లక్క పట్టించాలి.

కొండపల్లి బొమ్మను తెల్ల పొణికి కొయ్యతో చేస్తారు. కాళ్లు, తొండం, అంబారీ విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. ఆ మక్కుకు నీళ్లు శత్రువు. తడిగుడ్డ వద్దే వద్దు. మెత్తటి వెడల్పు బ్రష్‌తో పై నుంచి కిందికి దులపండి. మూలల్లో దుమ్ముకు పొడి సన్న బ్రష్. ఎత్తేటప్పుడు తొండం, అంబారీ పట్టుకోకుండా అడుగు పట్టుకోండి, అతుకులన్నీ పైనే ఉంటాయి.

ప్రశ్న: కొయ్య గుర్రం కింద సన్నటి పొడి రాలుతోంది. సూదిమొనంత రంధ్రాలున్నాయి. మిగతా బొమ్మలకూ పాకుతుందా?

జవాబు: పాకవచ్చు. ముందు ఆ గుర్రాన్ని పాలిథిన్ సంచిలో వేసి మూతి కట్టి వేరు చేయండి. రంధ్రాలు పాతవైతే పురుగు ఎప్పుడో వెళ్లిపోయి ఉండవచ్చు. పొడి అంతా దులిపి, అదే సంచిలో నల్ల కాగితం మీద నిలబెట్టి రెండు వారాలు చూడండి. వెచ్చటి రోజుల్లో కొత్త పొడి రాలితే పురుగు లోపలే ఉంది.

రంగు పలచగా ఉన్న చిన్న కొయ్య బొమ్మకు చలి మంచి మందు. గాలి తీసేసి సంచి మూతిని గట్టిగా అతికి, మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ ఉండే ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పకూడదు. విప్పితే చల్లటి కొయ్య మీద గాలిలోని తేమ నీరై దిగి రంగును పాడుచేస్తుంది. లక్క బొమ్మలకూ మందంగా రంగు పూసినవాటికీ ఈ పద్ధతి వద్దు, పూత చిట్లవచ్చు. కిరోసిన్ పోయడం, రంధ్రాల్లో వంటనూనె వేయడం వల్ల మరకలే మిగులుతాయి. కాగితపు బొమ్మల దగ్గర వెండిచేపల పురుగు కనిపిస్తే అది పిండి జిగురు కోసం వచ్చిందే. అల్మారా వెనక తేమ తగ్గిస్తే అదీ తగ్గుతుంది.

ప్రశ్న: పాత ఇనుప బీరువా మీద నెమళ్లు, మేకలు, చేపలు వేయాలని ఉంది. యాక్రిలిక్ వేసి చూస్తే గోరుతో గీకగానే ఊడింది.

జవాబు: నున్నటి ఎనామెల్ మీద యాక్రిలిక్ లాంటి నీళ్లు కలిపే రంగు పట్టదు. సబ్బునీళ్లతో జిడ్డు కడిగి ఆరనిచ్చి, 220 నంబరు గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్దండి. పొడి తుడిచి, ఇనుముకు వాడే ప్రైమర్ ఒక పూత వేసి పూర్తిగా ఒక రోజు ఆపండి. బీరువా బాగా పాతదైతే కింది రంగులో సీసం ఉండే అవకాశముంది. అలాంటిదాన్ని పొడిగా రుద్దకండి, నీళ్లతో తడిపి రుద్ది ఆ బురదను గుడ్డతో తీసి పారేయండి, పిల్లలను దగ్గరికి రానివ్వకండి.

బొమ్మను కాగితం మీద గీసుకుని, వెనక సుద్దముక్క రుద్ది, బీరువా మీద ఆనించి పెన్సిల్‌తో గీతల మీదుగా నొక్కితే అచ్చు పడుతుంది. జంతువులన్నీ ఒకే నేల గీత మీద నిలబడితే తలుపు అంతా ఒక కథలా కలుస్తుంది. ఎక్కడపడితే అక్కడ వేస్తే అతికించిన స్టిక్కర్లలా ఉంటాయి. తాళం, పిడి ఉన్నచోటును దాచకుండా వాడుకోండి, పిడి మీద కాకి వాలవచ్చు. రంగు వేశాక మూడు వారాలదాకా తడిగుడ్డ తగలనివ్వకండి. పైకి ఆరినా లోపల గట్టిపడటానికి అంత సమయం పడుతుంది.

ఎంత వేస్తే అతి అవుతుందని కూడా అడిగారు. కెనడాలోని నోవా స్కోషియాలో జానపద చిత్రకారిణి మాడ్ లూయిస్ (1901–1970) కీళ్లవాతంతో వంకరపోయిన చేతులతోనే తన ఒంటిగది ఇంట్లో తలుపు, మెట్లు, పొయ్యి, డబ్బాలు అన్నిటిమీదా పూలు, పక్షులు వేశారు. ఆ ఇల్లు ఇప్పుడు హాలిఫాక్స్‌లోని నోవా స్కోషియా ఆర్ట్ గ్యాలరీలో ఉంది. అది కిక్కిరిసినట్టు అనిపించదు. రంగులు శుభ్రంగా, కలపకుండా ఉండటం, అవే పూలు మళ్లీ మళ్లీ రావడం దానికి కారణమని మా అభిప్రాయం. మీరూ రంగులు తక్కువ పెట్టుకుని బొమ్మలు ఎన్నైనా వేయండి.

ప్రశ్న: ఏడేళ్ల అమ్మాయి, రెండేళ్ల బాబు ఉన్నారు. ఇల్లు చిన్నది. అమ్మాయితో కలిసి జంతువులు చేయాలని ఉంది గానీ రోజుకు అరగంటకు మించి తీరిక దొరకదు. చేసినవి పెట్టడానికీ చోటు తక్కువ.

జవాబు: అరగంట ఈ పనికి సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే మిగతా సమయం ఆరడానికే. పది పన్నెండు సెంటీమీటర్ల బొమ్మ ఎంచుకోండి. కోడి, ముళ్లపంది, చేప వంటివి కాళ్ల గొడవ లేనివి. మొదటి రోజు కాగితం నలిపి టేపు చుట్టడం. రెండో రోజు రెండు పొరలు. మూడో రోజు పాప చెంపకు ఆనించి చూసి, తడిగా ఉంటే ఆ రోజు పని నల్ల కాగితంలో తర్వాతి జంతువును కత్తిరించడం. ఆరాక ఇంకో రెండు పొరలు, తర్వాత తెల్ల పూత, తర్వాత రంగు. పొరలు పాపే అంటించగలదు. తీగ తెంపడం, బ్లేడు పని మీది. మూత ఉన్న ఒక డబ్బాలో టేపు, చించి పెట్టిన కాగితం, సుద్దపొడి, నాలుగు రంగులు, మూడు బ్రష్‌లు, చుక్కల మేకులు ఉంచుకుంటే తీయడానికీ సర్దడానికీ నిమిషం పట్టదు. పని చేసే బల్ల మీద పాత పాలిథిన్ షీటు పరవండి, కాగితం పరిస్తే అది బొమ్మకే అంటుకుంటుంది.

బాబు గురించి జాగ్రత్త అవసరం. మూడేళ్లలోపు పిల్లల బొమ్మల భద్రతా పరీక్షల్లో 31.7 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న చిన్న గొట్టం వాడతారు. అందులో పూర్తిగా పట్టే ముక్క ఏదైనా గొంతుకు అడ్డుపడగలదని లెక్క. పూసల కళ్లు, గుండీల ముక్కులు అతికించకుండా రంగుతో వేయండి. కాగితపు బొమ్మను బాబుకు ఆడుకోవడానికి ఇవ్వవద్దు, చప్పరిస్తే పొరలు ఊడి నోట్లోకి పోతాయి.

చోటు కోసం తలుపు పైన పది సెంటీమీటర్ల వెడల్పు చెక్క ఒకటి బిగించండి. బాబుకు అందదు, రోజూ కంటికి కనిపిస్తుంది. కిటికీకి ఎదురుగా వద్దు, ఎండకు రంగులు వెలిసిపోతాయి, మెరిసే గులాబీ, నిమ్మపచ్చ లాంటి రంగులైతే మరీ త్వరగా. చెక్క మీద ఏడెనిమిది బొమ్మలకు మించకుండా ఉంచి, మిగతావి మెత్తటి కాగితంలో చుట్టి అట్టపెట్టెలో దాచి, రెండు మూడు నెలలకొకసారి మార్చండి. దాచిన పెట్టెను మార్చేటప్పుడల్లా బూజు, పురుగు ఉన్నాయేమో చూసినట్టూ అవుతుంది. పాదాల కింద శనగగింజంత మైనం ముద్ద నొక్కితే తలుపు దబ్బున వేసినా బొమ్మ జారిపడదు.

పని అయ్యాక మిగిలిన మైదా జిగురునూ గుజ్జు నీళ్లనూ సింకులో పోయకండి, గొట్టంలో గట్టిపడి అడ్డం పడతాయి. గుజ్జును గుడ్డలో వడకట్టి చెత్తబుట్టలో, నీళ్లు మొక్కల పాదులో. బ్రష్‌లను మాత్రం అప్పటికప్పుడు సబ్బుతో కడగండి, యాక్రిలిక్ ఎండిన బ్రష్ మళ్లీ పనికి రాదు.